వంతెన మీద ఒళ్లు దులిపిన మేక

పెళ్లయిన మొదటి ఏడాది. సెల్‌ఫోన్లు అప్పుడప్పుడే ఊళ్లలోకి వస్తున్న రోజులు. అత్తగారి మొక్కు తీర్చడానికి ఇల్లందు అవతల అడవిలో ఉన్న అమ్మవారి గుడికి మేకతో బయల్దేరాం. దారిలో వాగు మీద నిజాం కాలం నాటి సిమెంటు కమాన్ల వంతెన ఉంది. పాతబడిందని బండ్లను రానివ్వరు, మనుషులు నడవడానికే. ఆటో ఇవతలే దిగాం.

మా వైపు మేక మీద పసుపు నీళ్లు చల్లుతారు. అది ఒళ్లు దులిపితేనే అమ్మవారు ఒప్పుకున్నట్టు. వంతెన నడుమ కిందికి చూడగానే భయమేసి గభాలున పిట్టగోడ పట్టుకున్నాను. చేతిలోని మూత తీసిన బాటిల్ నీళ్లు ముందున్న మేక మీద ఒలికాయి. అది వెంటనే ఒళ్లంతా దులిపింది.

అప్పుడే అత్తగారు వెనక్కి తిరిగారు. "అమ్మవారు ఈడనే ఒప్పుకున్నది! కత్తి తియ్యుండ్రి!" అని మామగారిని తొందరపెట్టారు.

వంతెన మీదికి బండ్లు రాకుండా చూసే కాపలా అతను కట్టె పట్టుకుని ఉరికొచ్చాడు. "ఏందమ్మా గిది? నడిచేటోళ్ల బ్రిడ్జి మీద మేకను కోస్తరా?"

నోరు విప్పితే మేక బదులు నన్ను కోస్తారని బాటిల్‌ను కొంగు చాటున దాచుకున్నాను.

మామగారు కత్తిని మళ్లీ సంచిలో పెట్టారు. గుడి దగ్గర మూడు బిందెల పసుపు నీళ్లు పోసినా మేక కదల్లేదు. "ఒక్కపారి ఒప్పుకున్నంక మల్లెందుకు దులుపుతది?" అన్నారు అత్తగారు. కానీ గుడి దగ్గర దులపని మేకను కొయ్యనివ్వరు. అందరం పచ్చిపులుసుతో అన్నం తిని, మేకను వెంటబెట్టుకుని తిరిగొచ్చాం.

వస్తూ అత్తగారు వంతెన పిట్టగోడకు పసుపు రాసి, బొట్టు పెట్టారు. ఇప్పుడు అటుగా నడిచేవాళ్లంతా అక్కడ ఆగి దండం పెడుతున్నారు. ఆ మహిమంతా నా నీళ్ల బాటిల్‌దని ఇంట్లో ఇంతవరకూ చెప్పలేదు. అత్తగారు ఈ పత్రికలో వంటల పేజీ దాటి చదవరన్న ధైర్యంతో రాస్తున్నాను.