అక్కయ్య జాడీ మీద ఉల్క

కొల్లూరు లంకల్లో అంతా ఒండ్రుమట్టే, చేతికి రాయన్నది దొరకదు. అందుకే ఎనభైల్లో నాన్నకు పొలంలో నల్లరాయి దొరికితే అది ఆకాశం నుంచి పడ్డ ఉల్కేనన్నాడు. రేపల్లె నుంచి కూడా జనం వచ్చి చూసిపోయారు. నాన్న పోయాక అది తెనాలిలో మా అక్కయ్య ఆవకాయ జాడీ మూత మీదికి చేరింది.

ఈ రోజు అక్కయ్య మనవరాలు, భూగర్భశాస్త్రం చదివే పిల్ల, దాన్ని అయస్కాంతంతో, భూతద్దంతో పరీక్షించింది.

"అమ్మమ్మా, వెలుగుతూ రాలేది ఉల్క, నేలకు చేరితే ఉల్కాశిల. ఇది రెండూ కాదు. కృష్ణ వరదకు దొర్లుకొచ్చిన మామూలు రాయి."

నాన్న మాట అబద్ధమైపోయిందని అక్కయ్య ఎక్కడ చిన్నబుచ్చుకుంటుందోనని నాకు బెంగ. ఆవిడ రాయి కడిగి, తుడిచి, మళ్లీ జాడీ మీద పెట్టింది.

"అయితే ఏంటే? మా నాన్న రాయి పెట్టాక ఏ ఏడూ ఆవకాయ బూజు పట్టలేదు. దానికేమంటారో మీ మేష్టార్నడుగు!"

మీ ఇళ్లలోనూ ఆకాశం నుంచి పడ్డవి ఉన్నాయా? ఉంటే చెప్పండి, పరీక్ష మాత్రం చేయించకండి.