చివరి పది చుట్లు

వించ్ తాడు చుట్టడానికి ఎవరికైనా పది నిమిషాలు పడుతుంది. కండెలక్కకు గంటన్నర పడుతుంది. అయినా కొండదారుల్లో జీపులు తోలే డ్రైవర్లు ఆమె దగ్గరికే వచ్చి, వంతు వచ్చేదాకా షెడ్డు ముందు బల్ల మీద కూర్చుని ఆవులిస్తుంటారు.

ఆమె పంతొమ్మిదేళ్లు నూలు మిల్లులో కండెలు చుట్టింది. ఆ పేరు అలా వచ్చిందే. మిల్లు మూతపడ్డాక మేస్త్రీ అయిన భర్త నడిపే జీపుల షెడ్డులో చేరింది. ఇంట్లో వినని మాట షెడ్డులో మాత్రం వింటుందా అని డ్రైవర్లు మేస్త్రీని ఆటపట్టించారు. వాళ్లన్నట్టే జరిగింది. ఆయన 'ఆలస్యం అమృతం విషం' అంటే ఆమె 'నిదానమే ప్రధానం' అనేది. సామెతకు సామెత సరిపోయాక ఎవరి పని వారు చేసుకునేవారు.

వించ్ అంటే జీపు ముందు బంపర్లో మోటారుతో తిరిగే ఇనుప డ్రమ్ము. బండి బురదలో దిగబడితే దాని తాడు లాగి కొక్కేన్ని ఏ చెట్టుకో తగిలించి మీట నొక్కుతారు. తాడు డ్రమ్ముకు చుట్టుకుంటూ బండిని పైకి లాగుతుంది. పూర్వం ఉక్కు తీగ ఉండేది, ఇప్పుడు సింథటిక్ తాడు వచ్చింది. బలంలో ఉక్కుకు తీసిపోదు కానీ మహా సుకుమారి. ఎండ పడదు, ఇసుక పడదు, గరుకు అసలే పడదు.

అందుకే ఆమె ముందుగా తాడు బయటికొచ్చే రంధ్రం చుట్టూ పాత నైలాన్ మేజోడు రుద్దుతుంది. ఎక్కడైనా పోగు తగులుకుంటే అక్కడ ఆకురాయితో నున్నగా అరగదీస్తుంది. బురద పట్టిన తాడును తొట్టెలో జాడించి నీడన ఆరేస్తుంది. రాళ్లకు ఒరుసుకునే చివరి బారెడుకూ కాన్వాసు తొడుగు వేస్తుంది. ఆ తర్వాత చుట్టడం. వదులుగా చుడితే బరువు పడ్డప్పుడు పైవరస కింది వరసల సందుల్లోకి దిగి ఇరుక్కుంటుంది. కాబట్టి షెడ్డు వెనక ఏటవాలు కింద జీపును నిలిపి, కొక్కేన్ని పైనున్న స్తంభానికి తగిలిస్తుంది. ఒకరు లోపల కూర్చుని బ్రేకు మీద కాస్త కాలు ఆనిస్తే, బండి బరువుకు తాడు బిగువుగా, చుట్టు పక్కన చుట్టు పేర్చినట్టు ఎక్కుతుంది. నూలు కండెకూ ఇదే బిగువు కావాలి.

చుట్టడంలో అన్నిటికన్నా ముందు, డ్రమ్ము మీద మొదటి పది చుట్లకు ఎర్ర రంగు పూస్తుంది. తాడంతా వదిలినప్పుడు చివరికి మిగిలేవి అవే. 'ఆ ఎరుపెందుకు?' అని కొత్త డ్రైవరెవరైనా అడిగితే మేస్త్రీకి పండగే. ఆయన నోట్లో నువ్వుగింజ నానదు.

"మా బావమరిది ఒకడున్నాడు. కొండ కింద చిక్కుకున్న బండిని లాగబోయి తాడు మొత్తం వదిలేశాడు. డ్రమ్ము మీద పది చుట్లు ఉంటేనే పట్టు. వాటి తర్వాత తాడు కొసను పట్టి ఉంచేది వేలెడు బోల్టు. అదెక్కడ ఆగుతుంది? తాడు ఊడొచ్చింది, వీడి జీపు జారి గోతిలో పడింది. పాదం నుజ్జయింది, డ్రైవరు పని పోయింది. తెలివి తెల్లారినట్టే ఉంది."

డ్రైవర్లు నవ్వుతారు. కండెలక్క నవ్వదు, తల వంచుకుని రంగు పూస్తుంది.

మూడేళ్ల కిందట ఆ తాడు చుట్టింది ఆమే. "ఎంతవరకు వదలొచ్చు అక్కా?" అని తమ్ముడు అడిగాడు. "చివరి చుట్టు దాకా వదలరా. నా కండెలో వృథా ఉండదు" అంది. మిల్లులో కండె మీద మూరెడు నూలు మిగిలితే తప్పు. ఆఖరి పోగు దాకా ఊడొస్తేనే మంచి కండె. ఆ లెక్కే ఇక్కడా చెప్పింది. తమ్ముడు పనిచేసే కొండ రక్షణ దళం వాళ్లు విచారిస్తే "నేనే పొరబడ్డాను" అన్నాడు తమ్ముడు. వాళ్లు జీపు తాళాలు తీసుకుని అతన్ని సామాన్ల గదిలో కూర్చోబెట్టారు. ఆ తర్వాతే ఆమె ఎరుపు పూయడం మొదలుపెట్టింది, ఆ ఎర్ర చుట్లకు పేరొచ్చింది. ఆ పేరు విన్నప్పుడల్లా ఆమెకు సిగ్గుతో ఒళ్లు చచ్చిపోయేది. అయినా నోరు విప్పలేదు.

ఈరోజు తమ్ముడు దళం జీపుతో వచ్చాడు. పక్క సీట్లో కొత్త అధికారిణి ఉంది. తాడు చుట్టేటప్పుడు లోపల కూర్చోబోయేది అతనే. పాదం మళ్లీ పనికొస్తుందో లేదో, పరీక్షకని ఈరోజు చేతికిచ్చిన తాళాలు అతని దగ్గరే ఉంచవచ్చో లేదో అధికారిణి చూసి తేల్చాలి.

ఎర్ర చుట్లు బిగించడం అయింది. జీపు ఏటవాలు ఎక్కసాగింది. కండెలక్క పొడవాటి వైరు చివరనున్న మీట పట్టుకుని పక్కగా నడుస్తోంది. రెండు బారలకోసారి ఆపి, చుట్లను కర్రముక్కతో సర్దుతోంది. పైన నిలబడ్డ అధికారిణి అడిగింది.

"ఆ ఎరుపు దేనికండీ?"

మేస్త్రీ గొంతు సవరించుకున్నాడు. "మా బావమరిది ఒకడున్నాడు..."

బావ బతుకు కోరేవాడు బావమరిది అంటారు. తిరిగి బావ ఏం కోరాలో ఆ సామెత చెప్పలేదు. కథ తాడు మొత్తం వదలడం దాకా వచ్చేసరికి కండెలక్క మీట మీంచి వేలు తీసింది. జీపు ఆగింది.

"తాడంతా వదలమని చెప్పింది నేనండీ," అంది. "వాడు అడిగాడు. చివరి చుట్టు దాకా వదలమన్నాను. మిల్లు లెక్క అది, ఇక్కడ పనికిరాదని నాకు తెలియదు. వాడు నా పేరు చెప్పలేదు. మూడేళ్లూ నేనూ చెప్పలేదు."

అధికారిణి జీపు కిటికీ దగ్గరికి వచ్చింది.

"నిజమేనా? అప్పుడెందుకు చెప్పలేదు?"

"మీట నొక్కింది నేనే కదండీ," అన్నాడు తమ్ముడు. కాలు బ్రేకు మీంచి కదల్లేదు.

ఆమె ఆ కాలి వంక కాసేపు చూసింది. "కానివ్వండి," అంది కండెలక్కతో.

మిగతా తాడు ఎక్కడానికి ఇంకో ముప్పావు గంట పట్టింది. పైకి చేరాక కొక్కేన్ని స్తంభం నుంచి తీసి బంపరుకు తగిలించి, ఎండ తగలకుండా డ్రమ్ముకు కవరు తొడిగారు. అధికారిణి తాళాల కోసం చెయ్యి చాపలేదు. డ్రైవరు పక్క సీట్లో కూర్చుని తలుపు వేసుకుంది.

తమ్ముడు కుడికాలు ఈడుస్తూ జీపు చుట్టూ ఒకసారి తిరిగి అక్క ముందు ఆగాడు.

"ఎంతవరకు వదలొచ్చు అక్కా?"

ఆమె కొంగుతో చేతి రంగు తుడుచుకుంది.

"ఎరుపు కనబడగానే ఆపెయ్‌రా."

"సరే," అని అతను బండెక్కాడు.