ఖాళీగా ఉండాల్సిన రిజిస్టరు

మా కంపెనీలో ఫిర్యాదులు ఉండేవి కావు. తిట్లు ఉండేవి, ఏడుపులు ఉండేవి, కౌంటరు మీద చెయ్యి చరిచి వెళ్ళిపోయినవాళ్ళు ఉండేవారు. ఫిర్యాదులు మాత్రం లేవు, ఎందుకంటే రాసుకోడానికి పుస్తకమే లేదు. కుట్టుమిషనో, తోపుడుబండో, పిండిమరో కొనుక్కునే చిన్నవాళ్ళకి అప్పులిచ్చే కంపెనీ మాది. రాయ్‌పూర్‌లో పెద్దాఫీసు, చుట్టుపక్కల ఐదారు శాఖలు. అందులో నేను నియమాల అమలు చూసే ఉద్యోగిని. వినడానికి గొప్పగానే ఉంటుంది. పైనుంచి వచ్చిన ఉత్తర్వులు ఫైల్లో పెట్టి, అన్నీ అమలు చేశామని కింద సంతకం పెట్టడం నా పని. అమలు చెయ్యడం ఎవరి పనో ఏ కాగితంలోనూ లేదు.

కొన్నేళ్ళ కిందట, ఒక ఎండాకాలం మొదట్లో, అప్పులిచ్చే కంపెనీలన్నిటికీ కట్టుబాట్లు రాసే పైఆఫీసు నుంచి కొత్త నియమాలు వచ్చాయి. అప్పు షరతులు తీసుకునేవాళ్ళకి అర్థమయ్యే భాషలో చెప్పాలి. వేళాపాళా లేకుండా వసూలుకి ఇళ్ళ మీద పడకూడదు. ముందుగా నోటీసు ఇవ్వకుండా వస్తువు పట్టుకుపోకూడదు. ఎవరైనా ఫిర్యాదు చేస్తే వాళ్ళ మాటల్లోనే రాసుకుని, సంతకం తీసుకుని, గడువులోగా తేల్చాలి. కంప్యూటర్లు మొరాయించినా, ఆఫీసుకి నిప్పంటుకున్నా, ఖాతాదారు పని ఆగకుండా ఏర్పాటు ఉండాలి. జూన్ నెల నడిమధ్యలో తనిఖీ. ఆ కాగితం చదివి నేను సంతోషించాను. ఇన్నాళ్ళకి మనుషులెవరో మనుషుల కోసం రాసినట్టు అనిపించింది.

మా మేనేజరు కూడా చదివాడు. చదివి పెయింటరుని పిలిపించాడు. గోడలకి సున్నాలు, రంగులు అయ్యాయి. 'మీ హక్కులు' అని హిందీలో పోస్టర్లు అచ్చయ్యాయి. షరతులు అర్థమయ్యాయని ఖాతాదార్లు పెట్టాల్సిన సంతకాల కాగితాలు పాత ఫైళ్ళలోకి కొత్తగా వచ్చి చేరాయి. పైన పటారం, లోన లొటారం. కట్టుబాట్లు పాటించడానికి పట్టే శ్రమలో సగం పెడితే పాటించినట్టు కనిపించొచ్చని మావాళ్ళు ఏనాడో కనిపెట్టారు.

అగ్నిప్రమాదం నటన కూడా చేశాం. ఒకరోజు పదకొండింటికి గంట కొడితే అందరం మెట్లు దిగి నీడలో నిలబడ్డాం. ఫొటో తీశారు, సమోసాలు తిన్నాం, పైకి వచ్చేశాం. పెద్దాఫీసు పనంతా నలభై నిమిషాల్లో ధర్సీవా శాఖకి మారిందని రిపోర్టులో రాశారు. ఆ ముక్క ధర్సీవా శాఖకి ఎవరూ చెప్పలేదు. ఆ రిపోర్టు మీద నేను సంతకం పెట్టాను. అందరూ నవ్వుకుంటూ పెడుతున్నారు, నేనూ పెట్టాను. ఇప్పటికీ ఆ సంతకం తలుచుకుంటే నామీద నాకే ఒళ్ళు మండుతుంది.

జూన్ మొదటివారంలో ఒకామె నన్ను వెతుక్కుంటూ వచ్చింది. ఆఫీసులో తెలుగామె ఉందని ఎవరో చెప్పారట. నలభై దాటిన మనిషి, శ్రీకాకుళం వైపు నుంచి పెళ్ళయ్యాక ఇటు వచ్చింది. మా నాన్న రైల్వే ఉద్యోగంతో వచ్చింది కూడా ఆ వైపు నుంచే, అందుకని ఆమె యాస వినగానే మా ఇంట్లో కూర్చున్నట్టయింది.

"అమ్మా, నా మిసను ఎత్తుకుపోనారు" అంది కూర్చోకుండానే.

విషయం ఇది. పండరీ బట్టల బజారులో ఒక సేఠ్ ఆమెకి కత్తిరించిన బట్టలు ఇస్తాడు, ఆమె కుట్టి ఇస్తుంది. మా కంపెనీ అప్పుతోనే మోటారు మిషను కొంది. ఉర్లా ఫ్యాక్టరీలో భర్త చెయ్యి నలిగితే ఆస్పత్రి చుట్టూ తిరుగుతూ రెండు కిస్తులు తప్పింది. ఆమె ఆస్పత్రిలో ఉండగా మావాళ్ళిద్దరు వెళ్ళి, పక్కింటావిడ దగ్గర తాళంచెవి అడిగి తీసుకుని, మిషను ఆటోలో వేసుకుపోయారు. నోటీసు లేదు, కాగితం లేదు. ఇప్పుడు బళ్ళు తెరిచే రోజులు. ఏడాది మొత్తంలో పెద్ద పని స్కూలు యూనిఫారాలు. సేఠ్ ఇంకొక్క వారం చూస్తానన్నాడు, తర్వాత ఆమె వాటా వేరేవాళ్ళకి ఇచ్చేస్తాడు. ఒకసారి వేరే చేతికి పోయిన పని మళ్ళీ రాదు.

"అప్పు ఎగ్గొట్టీసినానా అమ్మా? కుట్టీ కదా కట్టాల. మిసను మీకాడెట్టుకుంటే నానేటితో కట్టాల?"

ఇంతకంటే తెలివైన ప్రశ్న మా ఆఫీసు మీటింగుల్లో నేనెప్పుడూ వినలేదు.

మేనేజరు గదికి వెళ్ళాను. మేం మాట్లాడుకునేది హిందీలో, నేనిక్కడ తెలుగులో పెడుతున్నాను. జరిగింది చెప్పి, ఫిర్యాదు రాసుకోవాలన్నాను. కొత్త నియమం కోసం కొన్న రిజిస్టరు ఆయన బల్ల మీదే ఉంది. ఎర్ర అట్ట మీద 'ఫిర్యాదులు, సలహాలు' అని ఉంది. లోపల తెల్లగా ఉంది.

"మేడమ్, వారంలో తనిఖీ. ఇప్పుడు దీనిమీద మరక పెడతారా? ఒక్కటి కూడా లేదని పైకి రాసి పంపేశాను. తనిఖీ అవనివ్వండి, తర్వాత మిషను సంగతి చూద్దాం."

"అప్పటికి ఆమెకి పని పోతుంది సార్."

"అలాంటివాళ్ళు వంద మంది ఉన్నారు. మీ ప్రమోషను కాగితం కూడా ఈ నెలలోనే వెళ్తుంది, అది చూసుకోండి."

దొంగ అయితే బెదిరించేవాడు. ఈయన మర్యాదస్థుడు కాబట్టి గుర్తుచేశాడు. బయటికి వచ్చేశాను. ఎదురు చెప్పలేకపోయినందుకు మర్నాడంతా ఎవరితో మాట్లాడినా విసుక్కున్నాను.

ఆ మర్నాడు పోస్టర్లు పట్టుకుని ధర్సీవా శాఖకి వెళ్ళాల్సి వచ్చింది. లోపలి గదిలో మూలగా ఉంది ఆమె మిషను, ఆమె పేరు చీటీతో. దానిమీద మంచినీళ్ళ క్యాను పెట్టారు, క్యాను పక్కన స్టీలు గ్లాసు. సరిగ్గా దానికి పైన గోడ ఖాళీగా కనపడిందని 'మీ హక్కులు' పోస్టరు అక్కడే అంటించబోయారు. నేను వద్దని గట్టిగా అరిచాను. ఎందుకు అరిచానో వాళ్ళకి అర్థం కాలేదు. ఎండ దెబ్బేమో అనుకుని ఆ గ్లాసుతోనే నీళ్ళు ఇచ్చారు. తాగలేదు.

వెనక్కి వస్తూనే ఆమెకి ఫోన్ చేసి, సాయంత్రంలోగా రమ్మన్నాను. రిజిస్టరు తెచ్చి నా బల్ల మీద పెట్టుకున్నాను, తనిఖీకి పేజీల నంబర్లు వెయ్యాలని చెప్పి. అది అబద్ధం కాదు. ప్రతి పేజీకీ నంబరు వేశాను, ఒక్కటి చింపినా తెలిసిపోయేలా.

ఆమె వచ్చింది. "నువ్వు చెప్పు అక్కా, నీ మాటల్లోనే రాస్తాను" అన్నాను. అప్పుడు తట్టింది అసలు చిక్కు. నాకు తెలుగు రాయడం రాదు. ఇక్కడి రైల్వే పిల్లలం చాలామందిమి అంతే. ఇంట్లో తెలుగు, బళ్ళో హిందీ. నోటికి వచ్చిన భాష చేతికి రాదు. మా అమ్మ సరుకుల చీటీ చెబుతుంటే 'చింతపండు' అని హిందీ అక్షరాల్లో రాసుకుని పెరిగాను. ఇప్పుడు ఇది రాస్తున్న అక్షరాలు ఆ తర్వాత, ముప్ఫై అయిదు దాటాక పలకా బలపం పట్టి నేర్చుకున్నవి. ఆవేళ మాత్రం సరుకుల చీటీ పద్ధతే గతి. ఆమె తెలుగులో చెబుతోంది, నేను హిందీ అక్షరాల్లో పెడుతున్నాను, ఒక్క మాట మార్చకుండా.

"నాను పండరీ సేఠ్ కాడ బట్టలు కుడతాను. రెండు కిస్తులు తప్పినాయి, నేదనను. మా ఇంటాయన సెయ్యి ఉర్లాలో నలిగిపోనాది. నాను ఆస్పత్రికి ఎల్తే ఇద్దరొచ్చి, పక్కింటామె కాడ తాళం అట్టుకుని, మిసను ఆటోలో ఏసుకుపోనారు. కాయితం ఇవ్వనేదు. ముందు సెప్పనేదు. నా మిసను నాకిచ్చీండి. కుట్టీ కడతాను."

చదివి వినిపించాను. ఆమె రెండుసార్లు విని, ఊరి బళ్ళో నేర్చుకున్న గుండ్రటి తెలుగు అక్షరాలతో కింద సంతకం పెట్టింది. ఆ పేజీలో నిజమైన తెలుగు ముక్క అదొక్కటే.

మర్నాడు మేనేజరు రిజిస్టరు తిరగేసి ఆ పేజీ దగ్గర ఆగాడు. అక్షరాలన్నీ చదవగలడు, విషయం మాత్రం అర్థం కాదు. "ఇదేమిటి మేడమ్, మంత్రమా?" అన్నాడు.

"ఖాతాదారు మాటలు సార్. వాళ్ళ మాటల్లోనే రాసుకోవాలని నియమం కదా."

ఆయన మొహం వెలిగింది. "శభాష్! హిందీవాళ్ళకి హిందీ, తెలుగువాళ్ళకి తెలుగు! తనిఖీలో ముందు ఇదే చూపిద్దాం." ఏం రాశారని అడగలేదు, సలహానో పొగడ్తో అనుకున్నట్టున్నాడు. అడిగితే చెప్పేదాన్ని. ఫిర్యాదు సంగతి హిందీలో నోటితో చెప్పినప్పుడు వద్దన్న మనిషి, అర్థం కానప్పుడు మెచ్చుకున్నాడు. నా తప్పేముంది?

తనిఖీకి వచ్చినాయన నెమ్మదిమనిషి. కొత్త రంగుల వాసనకి ముక్కు రుద్దుకున్నాడు, సమోసా వద్దన్నాడు. మేనేజరు రిజిస్టరు తెరిచి ఆయన ముందు పెట్టి, "మా ఖాతాదార్ల భాషని ఎంత గౌరవిస్తామో చూడండి సార్" అన్నాడు. ఆయన కళ్ళజోడు సర్దుకుని, కూడబలుక్కుంటూ పైకి చదివాడు. నాను... పండరీ... సేఠ్... అని కొంత దూరం పోయి, 'కిస్తులు' దగ్గర ఒకసారి, 'ఉర్లా' దగ్గర ఒకసారి ఆగాడు. తర్వాత తలెత్తాడు.

"ఇందులో ఏముంది?"

మేనేజరు నావైపు చూశాడు, సంతోషంగానే. ప్రమోషను గుర్తొచ్చింది, ఇంటి అద్దె గుర్తొచ్చింది, అవి గుర్తురావడం చూసి కోపమూ వచ్చింది. లేచి నిలబడి, ఒక్కో వాక్యమూ ముందు ఆమె చెప్పినట్టు చదివి, వెంటనే హిందీలో చెప్పాను. సగంలో మేనేజరు దగ్గాడు. నేను ఆపలేదు.

"ఈ మిషను ఇప్పుడెక్కడుంది?" అన్నాడాయన.

"జాగ్రత్తగానే ఉంది సార్" అన్నాడు మేనేజరు.

"ధర్సీవా శాఖలో ఉంది సార్. మంచినీళ్ళ క్యాను కింద" అన్నాను నేను.

ఆయన కేకలు వెయ్యలేదు. మిషను ఎత్తుకొచ్చిన రోజు నాటి నోటీసు చూపించమన్నాడు. లేదు. అయితే రేపు సాయంత్రానికల్లా మిషను ఆమెకి అందినట్టు కాగితం కావాలని రాసుకుని, ధర్సీవాకి పని మారిన రిపోర్టు తెమ్మన్నాడు. ఆ శాఖకి ఒక్క ఫోన్ చేసేసరికి అది అబద్ధమని తేలిపోయింది. అందులో నా సంతకం కూడా ఉంది కాబట్టి నాకూ మొట్టికాయలు పడ్డాయి. పడాల్సినవే.

ఆయన వెళ్ళాక మేనేజరు తలుపు వేసి, "మోసం చేశారు మేడమ్" అన్నాడు. "హిందీలో చెప్పాను, మీరు వద్దన్నారు. తెలుగులో రాశాను, మీరు శభాషన్నారు" అన్నాను. ప్రమోషను రాలేదు. వారం తిరక్కుండా నా బల్ల జనరేటరు పక్కకి మారింది. ఊరందరిదీ ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి అని మా అమ్మ తిట్టింది కూడా. ఉలిపికట్టెనే, ఏం చేస్తారు?

మర్నాడు మిషను కంపెనీ బండిలో వేసుకుని నేనే వెళ్ళాను. వెంట వచ్చిన ఉద్యోగి చేతిలో మేనేజరు టైపు చేయించిన కాగితం ఉంది. రైలుపట్టాల పక్క ఒంటిగది ఇల్లు. భర్త కట్టు కట్టిన చెయ్యి ఒళ్ళో పెట్టుకుని గడప దగ్గర కూర్చున్నాడు. ఆమె మాతో మాట్లాడకుండా ముందు మిషను తుడిచింది, దారం ఎక్కించింది, చిన్న గుడ్డముక్క పెట్టి కుట్టి చూసింది. చెవి దగ్గరపెట్టి మోటారు చప్పుడు విన్నది. అప్పుడు తలూపింది.

ఉద్యోగి కాగితం ఇచ్చి సంతకం పెట్టమన్నాడు. "ఏటి రాసినారమ్మా ఇందులో?" అని నన్ను అడిగింది.

"మిషను అందింది. నాకు ఈ కంపెనీ మీద ఇక ఏ ఫిర్యాదూ లేదు. అని రాశారక్కా."

"మిసను అందింది, నిజమే. సేఠ్ నిన్ననే సగం బట్టలు ఇంకొకలికి ఇచ్చీసినాడు. ఆ సగం పని ఎవలు తెస్తారు? ఫిర్యాదు నేదని నానెందుకు రాత్తాను?" అంది. తర్వాత కాగితం నావైపు తిప్పి, "ఆ ముక్క ఎక్కడుందో ఏలెట్టి సూపించు" అంది.

చూపించాను. పక్కనున్న ఉద్యోగి "మేడమ్, మేడమ్" అంటూనే ఉన్నాడు. ఆమె నా కలం తీసుకుని ఆ వాక్యం మీద రెండు గీతలు గట్టిగా కొట్టి, మిషను అందిందన్న మాట కిందే సంతకం పెట్టింది.

"నీ పుస్తకంలో ఇంకో కాయితం ఉందా అమ్మా?"

"చాలా ఉన్నాయక్కా" అన్నాను. మిషను అందినట్టు రాసుకోడానికి తెచ్చిన రిజిస్టరు నా సంచీలోనే ఉంది. ఆమె మిషను ముందు కూర్చుని కుట్టడం మొదలుపెట్టి, కుడుతూనే చెప్పడం మొదలుపెట్టింది. నేను కింద కూర్చుని రెండో పేజీ తీశాను.