సోమశిలకు నీళ్ళు మోసుకెళ్ళిన వైనం

ఈ సంగతి కాగితం మీద పెట్టక తప్పని పరిస్థితి వచ్చింది. మొన్న ఇంట్లో అందరం కూడినప్పుడు పిల్లలు దీన్ని తమకు తోచినట్టు చెప్పుకుంటుంటే విన్నాను. వాళ్ళ లెక్కలో నేను ఉదయగిరి నుంచి సముద్రానికి నీళ్ళ ట్యాంకరు తోలించానట. ట్యాంకరూ లేదు, సముద్రమూ లేదు. ఉన్నవల్లా రెండు ఇత్తడి బిందెలు, ఒక జీపు, ఒక పుస్తకం. నేను ఉండగానే నిజం రాసిపెడితే మంచిది (నేను పోయాక ఆ ట్యాంకరు కాస్తా రైలయి కూర్చుంటుంది).

ఆ రోజుల్లో, అంటే ఎనభైల చివర్లో, ఆడపిల్ల చదువు వద్దని మా ఇంట్లో ఎవరూ అనలేదు గానీ, పదో తరగతి అయ్యాక ఏం చదువుతావని అడిగినవాళ్ళూ లేరు. నాకు కాలేజీ అంటే ఉదయగిరి లైబ్రరీయే. మధ్యాహ్నం వంట ముగించి వెళ్ళి, ఏ అలమరా తెరిచి ఉంటే ఆ అలమరా చదివేదాన్ని. తేనెటీగలు, రోము చక్రవర్తులు, మూత్రపిండాలు, ఏదైనా నాకు ఒకటే. (తేనెటీగల విషయంలో ఇప్పటికీ నన్ను ఓడించినవాళ్ళు లేరు. పోటీకి ఎవరూ రాకపోవడం వేరే సంగతి.) ఆ వరసలోనే నార్వే దేశం బొమ్మల పుస్తకం చేతికొచ్చింది. అందులో ఒక బొమ్మ: నిటారుగా రెండు కొండలు, వాటి నడుమ కదలని నల్లటి నీళ్ళు. దాని పేరు ఫియోర్డు అనీ, సముద్రం కొండల మధ్యకు చొచ్చుకొస్తే ఏర్పడుతుందనీ కింద రాసి ఉంది. సరిగ్గా అదే వారం, సోమశిల డ్యాంలో నీళ్ళు నిలిపారనీ, రెండు కొండల మధ్య నిండుగా ఉన్నాయనీ జీపు భాయి వచ్చి నాయనతో చెప్పాడు. భాయి మా నాయన స్నేహితుడు. ఉదయగిరికీ వరికుంటపాడుకూ మధ్య జీపు నడిపేవాడు. ఆ డ్యాం ఆయనా చూడలేదు, జీపు ఎక్కినవాళ్ళు చెప్తే విన్నాడంతే. నాకు అది చాలు. బొమ్మలో కొండలు, ఇక్కడ కొండలు. బొమ్మలో నీళ్ళు, ఇక్కడ నీళ్ళు. పెన్న ఎటూ పోయి సముద్రంలో కలిసేదే గదా, సముద్రం ఒకసారి ఎదురొస్తే తప్పేమిటి?

క్రిస్మస్ మరుసటి రోజు భాయి జీపులో ఆత్మకూరు అత్త ఇంటికి పోయి రావడం మా ఇంటి ఆనవాయితీ. ఆ ఏడు నేను నాయన ముందు నిలబడి, అత్త ఇంటి నుంచి అట్నే సోమశిల దాకా పోదామన్నాను.

"ఆడేముండాది?" అన్నాడు నాయన.

"ఫియోర్డు ఉండాది నాయనా. సముద్రం కొండల మధ్యకి వస్తే దాన్ని అట్లంటారు. నార్వే దేశం బుక్కులో ఉండాది."

అమ్మ పొయ్యి దగ్గర నుంచే అందుకుంది. "మొన్న ఇట్నే ఏందో బుక్కులో ఉండాదని చెప్తా అన్నం మాడ్చింది. ఆ లైబ్రరీ మాన్పించయ్యా అంటే నా మాట ఎవురు వింటారు?"

నాయన ఇద్దరి వైపూ చూశాడు. "సరే, పోదాం. ఈమె చెప్పింది ఆడ లేకపోతే మాత్రం రేపట్నుంచి లైబ్రరీ లేదు. మధ్యాన్నం మర కాడ కూర్చోవాల."

మర అంటే మా పిండిమర. అక్కడ కూర్చుంటే సాయంత్రానికి మనిషి కనురెప్పలతో సహా తెల్లబడుతుంది. అయినా నాకు భయం లేదు. ఆ ధీమాలోనే ఇంకో మాట కూడా అన్నాను: ఫియోర్డు నీళ్ళు సముద్రపు నీళ్ళు, తాగడానికి పనికిరావు, మన నీళ్ళు మనమే తీసుకుపోవాలి. ఇది మాత్రం ఇంట్లో అందరికీ వెంటనే అర్థమైంది. మా ఊళ్ళో నీళ్ళ కరువు తెలిసినవాళ్ళకు దీన్ని విడమర్చి చెప్పనక్కరలేదు. అమ్మ రెండు బిందెలు తోమి, మా బావి నీళ్ళు నింపి, తొణక్కుండా వేపమండలు వేసింది. ఒక బిందె నా ఒళ్ళో, ఒకటి అవ్వ ఒళ్ళో.

అత్త ఇంట్లో టిఫిన్ చేసి, అత్త కట్టిచ్చిన అన్నం మూటతో బయల్దేరాం. ఆత్మకూరు దాటాక రోడ్డు గతుకులు మొదలయ్యాయి. వేపమండలు చేయగలిగింది చేశాయి గానీ, అవ్వ పండగ చీర సగం తడిసింది. "నాయనా భాయీ, కొంచెం మెల్లిగా పోనీరా, నాకు మళ్ళీ బాప్తిస్మం ఇస్తుండావు" అంది అవ్వ. దూరాన వెలిగొండలు నీలంగా దగ్గరికొస్తున్నాయి. అనంతసాగరంలో టీ కోసం ఆగాం. టీ పోసే ఆయన బిందెల్ని చూసి, నీళ్ళు యాడికని అడిగాడు.

"సోమశిలకి" అన్నాడు భాయి.

ఆయన గ్లాసు కింద పెట్టేశాడు. "సోమశిలకా! ఒరే, ఇట్రాండ్రా, డ్యాంకి నీళ్ళు మోసకపోతుండారు చూడండి!" బెంచీ మీద ఉన్నవాళ్ళంతా లేచి వచ్చారు. ఇంకో రెండు బిందెలు పోస్తే గేట్లెత్తొచ్చునని ఒకరన్నారు. నాయన టీ తాగి, జీపెక్కి, వెనక్కి తిరిగి నా మొహంలోకి ఒక్కసారి చూశాడు. ఆ చూపులో నాకు పిండిమర చప్పుడు వినపడింది.

సోమశిలలో జీపు దిగి నాలుగడుగులు వేశాం. బొమ్మలో లాగానే ఉంది, ఒట్టు. అటూ ఇటూ కొండలు, మధ్యలో కొండల నీడ మోస్తూ నీళ్ళు. అవ్వ ఒక్కతే రాళ్ళ మీదుగా దిగి, దోసిట్లో పట్టి తాగింది.

"చక్కెర మాదిరుండాయి. ఉప్పేదమ్మే?"

అప్పుడైనా ఒప్పుకుని ఉండవచ్చు. కానీ చదివిన మనిషిని గదా. "అది పైపొర అవ్వా. ఫియోర్డులో పైన మంచినీళ్ళు, అడుగున ఉప్పునీళ్ళు" అన్నాను. (ఇది నిజంగానే పుస్తకంలో ఉంది.)

"అయితే అడుక్కి దిగి చూసిరా పో" అంది అవ్వ.

భాయి పొట్ట పట్టుకుని నవ్వి, తనూ దిగి ఒక దోసెడు తాగాడు. అన్నాలకు కూర్చున్నప్పుడు డ్యాం నీళ్ళు ముంచుకు రాబోయాడు. అమ్మ ఒప్పుకోలేదు. "ఇంత దూరం మోసకొచ్చిన నీళ్ళు పారబోస్తారా ఎవురైనా?" అని బిందె వంచి అందరికీ మా బావి నీళ్ళే పోసింది. అవ్వ ఒక గుక్క తాగి ఆగింది. భాయి కూడా గ్లాసు దించి, "అరె అన్నా, ఉప్పు ఇందులో ఉండాది!" అన్నాడు. పుట్టినప్పటి నుంచీ తాగే నీళ్ళు ఉప్పగా ఉంటాయని, ఆ తియ్యటి నీళ్ళ పక్కన కూర్చుంటే గానీ మాకు తెలియలేదు. ఆ కొండల మధ్య ఉన్న ఉప్పునీళ్ళన్నీ మేము తెచ్చినవే. అమ్మ కూడా నవ్వింది. నాయన మాత్రం నవ్వలేదు. ఒడ్డున కూర్చుని నీళ్ళవైపు చూస్తూనే ఉన్నాడు.

తిరుగుదారిలో నేనే ముందు అన్నాను. "రేపట్నుంచి మర కాడికి వస్తా నాయనా."

నాయన ఆత్మకూరు దగ్గర పడుతుండగా అడిగాడు. "ఆ నార్వే వోళ్ళకి అన్ని నీళ్ళుండాయే, ఏం పండిస్తారంట?"

"తెలీదు నాయనా. ఆ పేజీ దాకా పోలేదు."

"మరి సగంలో మానుకుంటే ఎట్ట? రేపు పోయి చదివి చెప్పు."

మర్నాడు పోయి చదివి, బార్లీ, బంగాళాదుంపలు అని చెప్పాను. బంగాళాదుంపలకు ఎరువేం వేస్తారని అడిగాడు. అట్లా ఆయన అడుగుతూ, నేను చదువుతూ చాలా ఏళ్ళు గడిచాయి.

ఆ పుస్తకం మళ్ళీ మళ్ళీ వెతికి ఇచ్చిన లైబ్రరీ సారుకు, గతుకుల్లో మమ్మల్ని భద్రంగా తిప్పిన జీపు భాయికి, అన్నం కట్టిచ్చిన ఆత్మకూరు అత్తకు, తడిసిన చీరతోనే నవ్విన అవ్వకు, నన్ను తిడుతూనే దీపం ముందు చోటిచ్చిన అమ్మకు, నాయనకు నా దండాలు. అసలైన ఫియోర్డు నేను ఇంతవరకూ చూడలేదు. చూశానని గట్టిగా నమ్మిన పద్దెనిమిదేళ్ళ పిల్ల ఒకతి ఉంది. ఇప్పుడు ఆమె తప్పు దిద్దడానికి నాకు మనసు రాదు.