ఎలాగూ విప్పాం కదా

పశువుల డాక్టరమ్మ మామగారికి ఒకటే జబ్బు. ఏ వస్తువునైనా కొంచెం విప్పి ఊరుకోవడం ఆయనకు చేతకాదు. మొదటి మర ఊడిందంటే చివరి మర దాకా ఊడాల్సిందే. మధ్యలో ఎవరైనా ఆపబోతే కళ్లజోడు ముక్కు మీదికి జార్చి, ఎంతో సౌమ్యంగా ఒకే మాట అంటారు: "ఎలాగూ విప్పాం కదా."

కాపురానికి వచ్చిన కొత్తలో, గోడ గడియారం ఐదు నిమిషాలు వెనక నడుస్తోందని డాక్టరమ్మ నోరు జారింది. సాయంత్రం ఇంటికొచ్చి చూస్తే గడియారం మంచం నిండా పళ్లచక్రాలై పరుచుకుని ఉంది. దాన్ని తగిలించిన మేకు లేదు. మేకు చుట్టూ జానెడు గోడ కూడా లేదు.

"గోడేం చేసింది మామయ్యా?"

"మేకు వదులైందమ్మాయ్. ఎలాగూ విప్పాం కదా, గోడ సంగతి కూడా చూద్దామని."

ఆమె నిలువుగుడ్లేసుకుని చూస్తుంటే అత్తగారు పక్కకు పిలిచి ఓదార్చారు. "నువ్వు అదృష్టవంతురాలివి. మా పెళ్లయిన మూడో రోజు స్నానాలగది తలుపు కిర్రుమంటోందన్నాను. వారం రోజులు ఆ గదికి తలుపు లేదు."

"మరెలా అత్తయ్యా?"

"లోపల మనిషుందని తెలియాలిగా. గొంతెత్తి పాడుకుంటూ స్నానం చేశాను. అప్పట్నుంచీ నాకు సంగీతం వచ్చని వీధిలో పేరు."

అందుకే తను ఊళ్లు తిరిగే పికప్ ట్రక్కు రోగం డాక్టరమ్మ మూడు వారాలు ఇంట్లో చెప్పలేదు. హీటర్ వేస్తే తియ్యటి వాసన. అద్దం లోపలివైపు జిడ్డు ఆవిరి. పక్క సీటు కింద చాప ఎప్పుడూ తడే. రేడియేటర్‌లో ఇంజనును చల్లబరిచే కూలెంట్ రోజూ కొంచెం తగ్గేది. హీటర్ కోర్ కారుతోందని ఆమెకు తెలుసు. అది ఇంజను వేడినీళ్లు తిరిగే బుల్లి రేడియేటర్. పుస్తకమంత వస్తువు. కానీ దాన్ని బిగించిన మహానుభావుడెవరో డ్యాష్‌బోర్డు మొత్తానికి వెనకాల, అన్నిటికంటే లోపల దాచాడు. ఆ దారిలో ఎన్ని మరలున్నాయో లెక్కపెట్టబోయి ఆమె ఇరవై దగ్గర మానేసింది.

ఒక ఆదివారం పొద్దున మామగారు ట్రక్కు పక్కగా నడుస్తూ ఆగారు. గాలి పీల్చారు. మొహం వెలిగిపోయింది.

"హీటర్ కోర్," అన్నారు, చాలాకాలానికి కనబడ్డ చుట్టాన్ని పలకరించినట్టు.

"వర్క్‌షాపులో ఇస్తాను మామయ్యా. మీకెందుకు శ్రమ."

"ఒక్క పూట పని. నువ్వెళ్లి తలంటుకో."

ఆమె తలంటుకుని వచ్చేసరికి రెండు సీట్లూ వాకిట్లో ఉన్నాయి. తల ఆరబెట్టుకుని వచ్చేసరికి డ్యాష్‌బోర్డు అరుగు మీద వెల్లకిలా పడి ఉంది. భోజనానికి కూర్చోబోతే పళ్లెం పెట్టాల్సిన చోట స్టీరింగు చక్రం. ఆమె అత్తగారి వైపు చూసింది. ఆవిడ నింపాదిగా పళ్లెం తెచ్చి చక్రం మధ్యలో పెట్టి, "సరిగ్గా సరిపోయింది," అన్నారు.

"కోర్ తీశారా మామయ్యా?"

"అది పదింటికే తీశాను. కొత్తది కొని తెచ్చాను కూడా."

"మరి సీట్ల పట్టాలెందుకు విప్పుతున్నారు?"

ఆయన కళ్లజోడు జార్చారు. ఆమె రెండు చేతులూ ఎత్తి దణ్ణం పెట్టింది.

అప్పుడే ఫోను మోగింది. కాలవ అవతలి పాడి రైతు. "డాక్టరమ్మా, పొద్దుట్నుంచీ ఆవు నొప్పులు పడుతోంది. దూడ కాలు ఒక్కటే బయటికొచ్చింది. ఇంక నిలబడలేకపోతోంది."

"ఇదిగో బయల్దేరుతున్నా," అంది అలవాటుగా. అన్నాక వాకిలి చూసింది. ఆ బురద దారిలో ట్రక్కు తప్ప ఇంకేదీ వెళ్లదు. ఆ ట్రక్కేమో వాకిట్లో సగం, వంటింట్లో సగం ఉంది. భర్త బస్సు డ్రైవరు, డ్యూటీలో ఉన్నాడు.

"రెండు ప్రాణాలు మామయ్యా," అంది.

ఆయన చేతిలోని రెంచి కింద పెట్టలేదు. "పావుగంట ఇవ్వు."

తర్వాత జరిగింది ఆ ఇంట్లో ఎవరూ ఎన్నడూ చూడనిది. ఆయన బిగించడం మొదలుపెట్టారు. ఇంజను దగ్గర హీటర్ గొట్టాలు రెండిటినీ చిన్న పైపు ముక్కతో ఒకదానికొకటి కలిపేశారు. వేడినీళ్లు లోపలికి రాకుండా అటునుంచటే తిరిగిపోతాయి. స్టీరింగు నిలబెట్టారు. సీట్లు బిగించారు. ఏ మర ఎక్కడిదో ఒక్కసారి కూడా తడుముకోలేదు. పద్నాలుగో నిమిషంలో ఇంజను మోగింది.

"డ్యాష్‌బోర్డు?" అంది ఆమె.

"బండిని నడిపేది ఇంజను. డ్యాష్‌బోర్డుది ఒట్టి సోకు. ఎక్కు."

వైర్ల కట్టను చంటిబిడ్డలా ఒడిలో పెట్టుకుని, తీగలకు వేలాడుతున్న మీటర్లను ఒక చేత్తో పట్టుకుని, ఇంకో చేత్తో తువ్వాలు పెట్టి అద్దం తుడుస్తూ ఆయన పక్కన కూర్చున్నారు. దారి పొడుగునా స్పీడు చదువుతూనే ఉన్నారు. "ముప్పై. ముప్పై ఐదు. నలభై అయిందమ్మాయ్, నెమ్మది." ఎదురొచ్చిన సైకిలాయన అద్దంలోంచి బండి లోపలి డొల్లను చూసి సైకిలు దిగి నిలబడిపోయాడు.

కాలవ మలుపులో ట్రాక్టరొకటి అడ్డం వచ్చింది. ఆమె బ్రేకు తొక్కింది. బండి ఠక్కున ఆగింది.

అక్కడ ఆమె నిర్ఘాంతపోయింది. ట్రాక్టరును చూసి కాదు, తన కాలును చూసి. ఆ ట్రక్కు ఆరడుగుల భర్త తన కొలతకు కొనుక్కున్నది. సీటు ఎంత ముందుకు లాగినా చాలక రెండేళ్లుగా ఆమె దాని అంచుకు జారి, మునివేళ్లతో బ్రేకు తొక్కుతోంది. రాత్రికి నడుము పట్టేసేది. ఎవరికీ చెప్పలేదు. ఇప్పుడు వీపు సీటుకు ఆనుకునే ఉంది, పాదం మొత్తం బ్రేకు మీద ఉంది.

"మామయ్యా, సీటు ముందుకొచ్చిందేమిటి?"

ఆయన మీటరు వైపే చూశారు. "పట్టాలను ముందుకు జరిపి, కింద రెండు ఇనప పలకలేశాను. కాస్త ఎత్తు కూడా వచ్చింది."

"మీకెవరు చెప్పారు?"

"రోజూ గేటు దగ్గర చూస్తూనే ఉన్నాగా. అడిగితే ఫర్వాలేదు మామయ్యా అంటావు. ఫర్వాలేదనే వాళ్లకి అడక్కుండానే చేసేయాలి. పోనీయ్, ఆవు ఎదురుచూస్తోంది."

ఆవు బతికింది. దూడను అరగంట కష్టపడి లాగాల్సి వచ్చింది. అదీ బతికింది. మర్నాడు సాయంత్రానికి కొత్త కోర్ కూర్చుంది, డ్యాష్‌బోర్డు దాని చోటికి చేరింది. హీటర్ వేస్తే పాదాల మీదికి పొడి వేడి గాలి వచ్చింది. చాప ఆరిపోయింది.

అత్తగారు అరుగు తుడిచి, దానికి పట్టిన గ్రీజు మరకను చూసి నిట్టూరుస్తుండగా డాక్టరమ్మ బండి దిగి వచ్చింది.

"మామయ్యా, నా వైపు అద్దం కిందికి దిగడానికి కొంచెం మొరాయిస్తోంది."

అత్తగారి చేతిలో చీపురు ఆగిపోయింది. ఆయన కూడా కోడలి వైపు అనుమానంగా చూశారు. ఆయనంతట ఆయన విప్పడమే గానీ, ఇంట్లోవాళ్లు పిలిచి విప్పమనడం నలభై ఏళ్లలో ఇదే మొదలు.

"దానికి డోర్ విప్పాలమ్మాయ్," అన్నారు, గొంతు సవరించుకుని.

"విప్పండి. ఆదివారం దాకా నాకు తొందరేం లేదు."

ఆయన పనిముట్ల పెట్టె కోసం పరుగులాంటి నడకతో లోపలికి వెళ్లారు. అత్తగారు చీపురు గోడకు ఆనించి, కోడలి నుదుటి మీద చెయ్యి పెట్టి చూశారు.