పసుపు పూసిన ద్వారబంధం

హిందూపురంలో కలప డిపో నడిపిన ఆయన గుర్తొస్తే నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. ఏ దుంగనైనా అరచేత్తో చరిచి, "బర్మా టేకప్పా ఇది. నీ మనవళ్లకి గూడా ఉంటాది" అనేవాడు.

తొంభైలలో అది నిజమే. మద్రాసు రేవు నుంచి ఆయనకు బర్మా దుంగలే ఎక్కువగా వచ్చేవి. రెండువేలు దాటాక అవి తగ్గి, ఘనా నుంచి లేత టేకు రావడం మొదలైంది. దుంగల చివర రంగు ముద్రలు మారాయి, బరువు తగ్గింది, చేవ తగ్గింది. ఆయన నోట్లో దేశం పేరు మాత్రం మారలేదు.

ఆ ఘనా టేకు రోజుల్లోనే సోమందేపల్లిలో మా ఇంటికి ద్వారబంధం కొనడానికి నాయనతో నేనూ వెళ్లాను. అప్పటికి పాలిటెక్నిక్ పూర్తి చేశాను. చేవలేని తెల్లచెక్కను గుర్తుపట్టగలను. కానీ నేను వంగి చూసేలోపే ఆయన పసుపు గిన్నె తెచ్చి కొయ్యంతా పూసేశాడు. పైన కుంకుమ బొట్లు కూడా పెట్టాడు.

"ఒకపక్క కడిగి చూపించండి" అన్నాను.

"పసుపు పూసిన వాకిలిని కడగమంటాండాడు. ఏమప్పా, నీ కొడుక్కి కాలేజీలో నేర్పించింది ఇదేనా?" అని నాయనను చూసి నవ్వాడు. నాయన సిగ్గుపడి నన్ను పక్కకు లాగాడు.

ఒక్క ఎండాకాలానికే ద్వారబంధం మెలితిరిగింది. తలుపు మూతపడదు. పీకేసి వేరేది పెడదామంటే అవ్వ అడ్డం నిలబడింది.

"పసుపు పూసిన వాకిలి పెరికితే ఇంటికి మంచిదా నాయనా?"

ఏ ఇంట్లోనైనా ఒక అవ్వ ఈ మాట అంటుందని ఆ డిపో ఆయనకు ముందే తెలుసు. ఆయన అమ్మింది ఆ ధైర్యంతోనే.

ఇప్పుడు తలుపుకు రాయి అడ్డం పెట్టుకుని పడుకుంటున్నాం. శుక్రవారం వస్తే అవ్వ ఆ గడపకే శ్రద్ధగా పసుపు పూస్తుంది.