గాబ్లిన్ల యాస

తొంభైల మొదట్లో, పాలిటెక్నిక్ చివరి పరీక్ష రాసి ఇంటికొస్తూ, ఉప్పల్ రింగురోడ్డు దగ్గర ఇంకా ఆగని బస్సు దిగబోయి కాలు విరగ్గొట్టుకున్నాను. తొడ నుంచి పాదం దాకా సిమెంటు కట్టు వేశారు. మాది క్వార్టర్సులో రెండో అంతస్తు. మూడు నెలలు కదలకూడదన్నారు. మంచం పక్కన కిటికీ ఉండేది గాని, అందులోంచి కనిపించేది ఎదురు బ్లాకు గోడా, దాని మీద నీళ్ల పైపూ మాత్రమే. మధ్యాహ్నం కరెంటు పోతే కట్టు లోపల చెమట పట్టి దురద మొదలయ్యేది. అమ్మ స్వెట్టర్లల్లే సూదిని లోపలికి దూర్చి గోక్కునేవాణ్ని. అది అందని చోట దురద పుడితే ఏడుపొచ్చేది.

నన్ను చూడ్డానికి ముగ్గురు స్నేహితులు వచ్చేవారు. ఇద్దరు మా క్వార్టర్సు వాళ్లే, మాలాగే కోస్తా నుంచి వచ్చిన కుటుంబాలు. మూడోవాడు పాలిటెక్నిక్‌లో నాతోపాటు చదివినవాడు, నాచారం నుంచి వచ్చేవాడు. వాళ్లది జనగామ వైపు ఊరు, నాన్న మందుల కంపెనీలో పని. వాడు పరీక్షలు కాగానే ఒక లేతు వర్క్‌షాపులో అప్రెంటిసుగా చేరాడు. మొదటి షిఫ్టు దిగి, సైకిలు తొక్కుకుంటూ మూడింటికల్లా వచ్చేసేవాడు.

క్వార్టర్సు వాళ్లలో ఒకడి మావయ్య ఓడలో పనిచేసేవాడు. ఏదో రేవులో కొన్న ఒక ఆట పెట్టె వీడికి తెచ్చిచ్చాడు. అందులో బోర్డు లేదు. ఒక లావుపాటి ఇంగ్లీషు పుస్తకం, ఎనిమిది ముఖాలవీ ఇరవై ముఖాలవీ పాచికలు ఉన్నాయి. డిక్షనరీ ముందేసుకుని వారం రోజులు చదివితే విషయం అర్థమైంది. ఒకడు కథ చెప్పాలి. మిగతావాళ్లు తలో వీరుడై ఆ కథలో తిరగాలి. వీరులకు ఎదురుపడే రాక్షసులందరి తరఫునా కథ చెప్పేవాడే మాట్లాడాలి. దెబ్బ తగిలిందో లేదో పాచిక చెబుతుంది. మంచం దిగలేనివాణ్ని కాబట్టి కథ చెప్పే పని నాకే వచ్చింది.

పుస్తకంలో గాబ్లిన్లని ఒక జాతి ఉంది. పొట్టివాళ్లు, మురికివాళ్లు, గుహల్లో ఉంటారు, దొంగలు. వాళ్లను చంపడానికి ఎవరూ రెండోసారి ఆలోచించనక్కర్లేదు. కథలో వీరులందరూ అచ్చు పుస్తకం తెలుగు మాట్లాడేవారు. గాబ్లిన్లకు మాత్రం నేనేమీ ఆలోచించకుండానే 'గిట్ల', 'గట్ల' వచ్చేశాయి. అప్పట్లో తెర మీద రౌడీ, హాస్యగాడు మాట్లాడే మాట అదే కదా. ముగ్గురూ పడీ పడీ నవ్వారు. నాచారం వాడైతే నన్ను దిద్దాడు కూడా.

"గట్ల కాదురా బై. 'ఏమంటున్నావు' అనరు. 'ఏమంటున్నవ్' అనాలె. జర గుంజి అను."

నేను గుంజి అనేవాణ్ని. వాడు చెప్పిన మాటలన్నీ ఒక నోటుపుస్తకంలో రాసుకున్నాను. అలా నెల గడిచింది. ఆ గదిలో నాకు ఊపిరాడేది ఆట సాగే ఆ రెండు గంటలే.

ఒకరోజు వీరులు గుహలోకి జొరబడి ఒక కుర్ర గాబ్లిన్ కాలు విరగ్గొట్టారు. వాడి తల్లి పరిగెత్తుకొచ్చింది. ఆమె ఏమనాలా అని ఒక్క క్షణం ఆలోచించాను. నేను పడ్డ కొత్తలో నాచారం వాడి అమ్మ సర్వపిండి చేసుకుని నన్ను చూడ్డానికి వచ్చి, కట్టు నిమురుతూ అన్న మాట గుర్తొచ్చింది. గొంతు వణికిస్తూ అదే అనేశాను.

"పైలం బిడ్డా. నువ్వు మల్ల నడుస్తె సూడాలె నేను."

ఇద్దరూ కడుపు పట్టుకుని నవ్వారు. పాచిక వేయాల్సింది నాచారం వాడు. వేయలేదు.

"గది మా అమ్మ అన్న మాట," అన్నాడు.

"ఆటే కదరా," అన్నాను.

"ఆటనే. నా మనిషి ఇగ ఎవ్వల్ని కొట్టడు. గుహలకెల్లి నేను మాట్లాడుత." వాడు మిగతా ఇద్దరి వైపు తిరిగాడు. "మేం ఈడనే పుట్టినం. మీరెందుకొచ్చిన్రు?"

"అవి గాబ్లిన్లురా. చెడ్డ జాతి. పుస్తకంలోనే ఉంది," అన్నాడు పెట్టె తెచ్చినవాడు.

"పుస్తకం రాసినోడు ఎన్నడన్న గీళ్లింటికి పోయిండా? ఏం తింటరో సూసిండా?"

వాడు తన వీరుడి లెక్కలు రాసుకున్న కాగితం మంచం మీద పెట్టి, చెప్పులేసుకుని వెళ్లిపోయాడు. నేను లేవబోయాను. కాలు రాయిలా మంచానికి గుంజింది. చెప్పుల చప్పుడు మెట్లు దిగడం, కింద సైకిలు స్టాండు తీసిన చప్పుడు, అన్నీ వింటూ పడుకున్నాను. పిలిస్తే వినపడేదే. పిలవలేదు.

మళ్లీ రాలేదు. కట్టు కోసిన వారానికి చేతికర్రతో బస్సెక్కి నాచారం వెళ్లాను. వాళ్లది ఒకే గది. వాళ్లమ్మ నన్ను చూడగానే, "అయ్యో, గింత ఎండల నడిసొచ్చినవా కొడుకా!" అంటూ మంచం వాల్చింది. వాడు ఆమెకేమీ చెప్పలేదని అర్థమైంది. అన్నం పెట్టింది. లేచి పోలేను, నిజం చెప్పలేను. ఆమె పక్కన కూర్చుని విసనకర్రతో విసురుతూనే ఉంది.

వాడొచ్చాక గల్లీలోకి నడిచాం.

"కాలేజిల వైవాల నేను మాట్లాడితె సారు నవ్విండు, యాదుందా? నువ్వు గుడ నవ్వినవ్," అన్నాడు. నాకు గుర్తులేదు. "గప్పటికెల్లి నోరు తెరిసినప్పుడల్ల లోపట మాట మార్చుకుంటున్న. మీ అమ్మతోని గుడ. నీ ఆటల మా మాట వినవడితె మస్తు ఖుషైన. అందుకే నీకు నేర్పిన. సూస్తె, గా మాట మాట్లాడినోళ్లంత సచ్చుడే."

"తప్పయింది," అన్నాను.

"సరే. ఒకపారి నువ్వు గాబ్లిన్‌వై కూసో. ఆట నేను నడుపుత."

ఆ ఆదివారం నలుగురం మా ఇంట్లోనే కూర్చున్నాం. వాడి గుహ నా గుహలా లేదు. పొయ్యి ఉంది, ఆరేసిన బట్టలున్నాయి, జ్వరమొచ్చిన పిల్ల ఉంది. బయట ఇద్దరు వీరులు కత్తులు దూసి నిలబడ్డారు. పారిపోవడానికి రెండో దారి లేదు.

"మాట్లాడు," అన్నాడు వాడు.

నేను నేర్చుకున్న యాసలో మాట్లాడితే మళ్లీ వెక్కిరింతే. ఇక మిగిలింది మా ఇంటి మాట. దాన్ని గాబ్లిన్ నోట్లో పెట్టడానికి నాకు మనసొప్పడం లేదని అప్పుడు తెలిసింది. ముగ్గురూ నన్నే చూస్తున్నారు.

"ఏవండీ," అన్నాను చివరికి, "లోపల పిల్లలున్నారండీ. బయటికి పోయి మాట్లాడుకుందాం రండి."

అచ్చం మా నాన్న గొంతే వచ్చింది. వంటింట్లోంచి అమ్మ, "ఎవర్రా వచ్చింది?" అని కేకేసింది. ఎవరూ నవ్వలేదు.

పెట్టె తెచ్చినవాడు కాసేపు పాచిక అరచేతిలో తిప్పి, వేశాడు. దెబ్బ తగిలింది. "అరె, ఆగాల్సింది," అని గొణిగాడు రెండోవాడు. నాచారం వాడు నా గాబ్లిన్ చచ్చినట్టు కాగితం మీద గీత కొట్టి, పుస్తకం మూశాడు.

ఆ తర్వాత వాడు అప్పుడప్పుడూ వచ్చేవాడు. ఆట మాత్రం మళ్లీ ఎవరం తీయలేదు. మా ఇంట్లో వాడు ఇక మాట మార్చుకోలేదు. "అమ్మా, జర మంచినీళ్లియ్యరాదూ," అనేవాడు. అమ్మ ఒక్కోసారి అర్థంకాక నా వైపు చూసేది. నేను చెప్పేవాణ్ని కాదు. అమ్మ వాణ్నే మళ్లీ అడిగి తెలుసుకునేది.